ప్రైవేటు ఫౌండేషన్ల సాహిత్య బహుమతులు, ఫెలోషిప్‌లు: తెలుగులో రాసేవాళ్ళకి దారి ఉందా?

నమస్తే అండి. మీ ప్రశ్న చూసి రెండు రోజులైంది. నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీరు అడిగింది ఇది: మీరు అనంతపురం జిల్లాలో ప్రభుత్వ స్కూల్ టీచర్. రెండు కథల పుస్తకాలు వచ్చాయి. ఇప్పుడు మీ ఊళ్ళ నుంచి బెంగళూరుకి వలస పోయిన కుటుంబాల మీద, కథగా కాకుండా, ఉన్నది ఉన్నట్టు ఒక పుస్తకం రాయాలని ఉంది. ప్రైవేటు ఫౌండేషన్లు ఇచ్చే బహుమతులు, ఫెలోషిప్‌ల ప్రకటనలు కనపడుతున్నాయి. వీటిలో నిజమైనవి ఎలా గుర్తుపట్టాలి, తెలిసినవాళ్ళు లేకుండా వస్తాయా, తెలుగులో రాసేవాళ్ళని ఎవరైనా పట్టించుకుంటారా, వస్తే ఉద్యోగం సంగతేంటి.

సూటిగా చెప్తాను. అప్లై చేయండి, కానీ ఫెలోషిప్‌కి చేయండి. బహుమతుల వెంట తిరగకండి. బహుమతి అయిపోయిన పనికి ఇస్తారు, ఫెలోషిప్ ఇంకా కాని పనికి ఇస్తారు. మీ చేతిలో ఇప్పుడున్నది కాని పని. పెద్ద బహుమతుల్లో చాలావాటికి రచయిత తనంతట తాను అప్లై చేసుకునే వీలే ఉండదు. పబ్లిషరే పంపాలి, లేకపోతే కమిటీనే వెతుక్కుంటుంది. ఇక పైరవీ సంగతి: ఉన్నచోట ఉంది, కాదనను. అయినా నేను చూసినంతలో మంచి ఫెలోషిప్‌లలో తెలుగువాళ్ళు వెనకబడటానికి కారణం అది కాదు. ఇంగ్లీషులో చూపించడానికి ఇరవై పేజీలు లేకపోవడం ఒకటి, ప్రపోజల్ రాయడం మనకెవరూ నేర్పకపోవడం రెండు.

నేనెవరో చెప్పాలి కదా. విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదిహేడేళ్ళు తెలుగు చెప్పాను. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుల కుటుంబాల మీద పుస్తకం రాయడానికి రెండుసార్లు ఫెలోషిప్‌కి పెట్టుకున్నాను. మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది. ఆ తర్వాత మూడేళ్ళు ఒక ఫౌండేషన్‌కి వచ్చిన అర్జీలు చదివి మార్కులు వేసే పని చేశాను. ఒక తెలుగు బహుమతికి రెండేళ్ళు జ్యూరీలో కూర్చున్నాను. అంటే బల్లకి అటూ ఇటూ రెండు వైపులా ఉన్నాను.

ముందు బహుమతుల సంగతి చూద్దాం. ఇందులో అపోహలు ఎక్కువ.

జ్ఞానపీఠ్‌ని మనలో చాలామంది ప్రభుత్వ పురస్కారం అనుకుంటారు. కాదు. సాహు శాంతిప్రసాద్ జైన్ కుటుంబం 1944లో పెట్టిన ట్రస్టు, భారతీయ జ్ఞానపీఠ్, ఇచ్చే ప్రైవేటు బహుమతి అది. మొదటిది 1965కి మలయాళ కవి జి. శంకర కురుప్‌కి వెళ్ళింది. మనకి 1970లో విశ్వనాథ సత్యనారాయణ, 1988లో సి. నారాయణరెడ్డి, 2012లో రావూరి భరద్వాజ. ఒక్కో భాషకి ఒక సలహా సంఘం, దాని మీద ప్రవర పరిషత్ అనే ఎంపిక సంఘం ఉంటాయి. ఒక భాషకి వస్తే తర్వాత రెండేళ్ళు ఆ భాషని పరిగణించరు అనే నియమం కూడా ఉంది. మొదట్లో ఒక పుస్తకానికి ఇచ్చేవాళ్ళు, 1982 నుంచి మొత్తం సాహిత్య కృషికి ఇస్తున్నారు. సరస్వతీ సమ్మాన్ కూడా ప్రైవేటుదే, కె.కె. బిర్లా ఫౌండేషన్ 1991లో మొదలుపెట్టింది. బహుమతి 15 లక్షలు, గత పదేళ్ళలో వచ్చిన పుస్తకానికి. 2018కి మన కె. శివారెడ్డి గారికి వచ్చింది. వీటి గురించి మీరూ నేనూ చేయగలిగింది ఏమీ లేదు. మంచి పుస్తకం రాసి, అది నలుగురికి దొరికేలా చూసుకోవడం తప్ప.

ఇంకో రకం పబ్లిషర్ పంపేవి. జేసీబీ సాహిత్య బహుమతి సంగతి వినే ఉంటారు. ఆ కంపెనీ ఒక ఫౌండేషన్ పెట్టి 2018లో మొదలుపెట్టింది. భారతీయ రచయితల నవలలకి, ఇంగ్లీషులో రాసినవైనా ఇంగ్లీషులోకి అనువాదమైనవైనా సరే. రచయితకి 25 లక్షలు, అనువాదమైతే అనువాదకులకి విడిగా 10 లక్షలు ఇచ్చేవాళ్ళు. 2018 నుంచి 2024 వరకు ఏడుసార్లు ఇచ్చి ఆపేశారు. ఆ ఏడింటిలో ఐదు అనువాదాలకే వెళ్ళాయి. మలయాళానికి మూడు (బెన్యామిన్, ఎస్. హరీష్, ఎం. ముకుందన్), ఉర్దూకి ఒకటి (ఖాలిద్ జావేద్), తమిళానికి ఒకటి (పెరుమాళ్ మురుగన్). తెలుగుకి సున్నా. ఈ లెక్క నన్ను చాలాకాలం బాధపెట్టింది, ఇప్పటికీ పెడుతోంది. మన నవలలు తక్కువ స్థాయివని నేననుకోను. మలయాళంలో ఒక మంచి నవల రాగానే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్ళు, ఆ అనువాదకులతో ఎప్పుడూ మాట్లాడుతూ ఉండే ఎడిటర్లు ఉన్నారు. మన దగ్గర రచయితే పుస్తకం వేసుకుని, ఆయనే కట్టలు మోసుకెళ్ళి విజయవాడ బుక్ ఫెస్టివల్‌లో అమ్ముకుంటాడు. అనువాదం అనే మెట్టు లేనప్పుడు జ్యూరీ బల్ల మీదకి మన పుస్తకం చేరేదెలా?

డబ్బు ఎవరిదో కూడా చూడాలి. 2024లో ఇదే జేసీబీ బహుమతి మీద వందమందికి పైగా రచయితలు బహిరంగ లేఖ రాశారు. ఇళ్ళు కూల్చే బుల్‌డోజర్లు అమ్మే కంపెనీ సాహిత్యానికి బహుమతి ఇవ్వడమేంటని. ఇది కొత్త గొడవ కాదు. 1972లో బ్రిటిష్ రచయిత జాన్ బెర్జర్‌కి బుకర్ వచ్చినప్పుడు, ఆ బహుమతి ఇచ్చే బుకర్ మెకానెల్ కంపెనీ కరీబియన్‌లో చెరకు తోటల మీద సంపాదించిందని వేదిక మీదే చెప్పి, వచ్చిన 5,000 పౌండ్లలో సగం నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ ఉద్యమానికి ఇచ్చేశాడు. మిగతా సగం దేనికి వాడాడో మీకు ప్రత్యేకంగా చెప్పాలనిపించింది: యూరప్‌లో వలస కార్మికుల మీద చేస్తున్న పుస్తకానికి. మీరు తీసుకోవాలా వద్దా అనేది మీ మనసు తేల్చాల్సిన విషయం, నేను ఎవరి తరఫునా చెప్పలేను. కానీ అప్లై చేసే ముందే తేల్చుకోండి. వచ్చాక తేల్చుకోవడం చాలా కష్టం, ఇంట్లోవాళ్ళకి అప్పటికే చెప్పేసి ఉంటాం.

మన తెలుగులో వ్యక్తులు, కుటుంబాలు, చిన్న ట్రస్టులు ఇచ్చేవి చాలా ఉన్నాయి. కుందుర్తి ఆంజనేయులు మొదలుపెట్టిన ఫ్రీవర్స్ ఫ్రంట్ అవార్డు, విజయనగరంలో మా చాసో పేరు మీద ఇచ్చే స్ఫూర్తి పురస్కారం, అమెరికాలో అప్పాజోస్యుల విష్ణుభొట్ల ఫౌండేషన్ ఇచ్చేవి, హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ ఉగాది పోటీలు. వీటిలో డబ్బు పెద్దగా ఉండకపోవచ్చు. కానీ నేను డబ్బు కంటే గత పదేళ్ళ విజేతల జాబితా చూస్తాను. ఆ జాబితాలో మీరు గౌరవించే నలుగురు ఉంటే ఆ బహుమతికి విలువ ఉన్నట్టు. ఉన్నవాళ్ళంతా నిర్వాహకుల స్నేహితులూ, వాళ్ళకి ఉపయోగపడే అధికారులూ అయితే మీకే అర్థమవుతుంది.

డబ్బు అడిగితే వదిలేయండి. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్తాను, ఎందుకంటే మా స్నేహితుడొకడు దెబ్బతిన్నాడు. ఆయన మంచి కవి. 'మిమ్మల్ని జాతీయ పురస్కారానికి ఎంపిక చేశాం, ఏర్పాట్ల ఖర్చుల కింద ఐదు వేలు పంపండి' అని ఫోన్ వస్తే పంపాడు. రైలు ఖర్చు పెట్టుకుని వెళ్తే అక్కడ హాల్లో నూట పాతిక మంది 'విజేతలు' కూర్చుని ఉన్నారు. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఫోటో. ఆ ఫోటో ఇంట్లో గోడకి పెట్టుకోలేకపోయాడు పాపం. పోటీలకి నామమాత్రపు ఎంట్రీ ఫీజు ఉండటం కొన్ని దేశాల్లో మామూలే, అది వేరు. ఎంపికయ్యాక మీ దగ్గర డబ్బు అడగడం అన్నది నికార్సైన సంస్థ ఏదీ చేయదు. పుస్తకాలు ఐదారు కాపీలు పంపమంటారు, అది సహజం. జ్యూరీ సభ్యులకి చదవడానికి కావాలి కదా.

జ్యూరీలో ఏం జరుగుతుందో కూడా చెప్తాను, చాలామంది ఊహించుకునేది వేరు. నేనున్న బహుమతికి మొదటి ఏడాది నూట డెబ్భై పుస్తకాలు వచ్చాయి. రెండు గోనె సంచుల్లో ఇంటికి చేరాయి. ముగ్గురం. నిజాయితీగా చెప్పాలంటే ప్రతి పుస్తకం చివరిదాకా చదవలేం. మొదటి ముప్పై పేజీలు చదివి పక్కన పెట్టినవి ఎక్కువ. కాబట్టి కథల సంపుటి వేసేటప్పుడు మీ మంచి కథ తొమ్మిదోదిగా పెట్టకండి, నేను చాలా పుస్తకాల్లో ఇదే చూశాను. ఫోన్లు వచ్చాయా? వచ్చాయి. ఒకాయన మా అన్నయ్య చేత చెప్పించాడు. నేను ఆ పుస్తకం గురించి మాట్లాడను, మిగతా ఇద్దరే తేల్చండి అని చెప్పి తప్పుకున్నాను. రెండో ఏడాది నిర్వాహకులే ఒక పేరు సూచించారు. మేం ముగ్గురం ఒప్పుకోలేదు, మేం ఎంచిన పుస్తకానికే ఇచ్చారు కానీ మూడో ఏడాది మమ్మల్ని పిలవలేదు. అంతే. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏంటంటే, జ్యూరీ పేర్లు ముందుగానో తర్వాతో బయటపెట్టే సంస్థలు మేలు. పేరు బయట ఉన్న మనిషి కాస్త జాగ్రత్తగా ఉంటాడు. జ్యూరీ ఎవరో ఎప్పటికీ చెప్పని చిన్న బహుమతుల విషయంలో మీరే ఆలోచించుకోండి.

ఇక అసలు సంగతి, ఫెలోషిప్.

మీ పుస్తకానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది న్యూ ఇండియా ఫౌండేషన్ ఫెలోషిప్. బెంగళూరులో 2004లో మొదలైంది, చరిత్రకారుడు రామచంద్ర గుహ, ఇన్ఫోసిస్ నందన్ నీలేకని మొదలుపెట్టినవాళ్ళలో ఉన్నారు. స్వాతంత్ర్యం తర్వాతి భారతదేశం మీద ఫిక్షన్ కాని పుస్తకాలు రాసేవాళ్ళకి ఏడాది పాటు డబ్బు ఇస్తారు. కొన్నేళ్ళ కిందట నెలకి లక్షన్నర, అంటే ఏడాదికి 18 లక్షలు. యూనివర్సిటీలో ఉండాలని లేదు, పీహెచ్‌డీ ఉండాలని లేదు. ఇప్పటికి ముప్పైకి పైగా పుస్తకాలు దాన్నుంచి వచ్చాయి. కానీ పుస్తకం ఇంగ్లీషులో రాయాలి. మీకు ఇక్కడే గుండె జారిపోయి ఉంటుంది, నాకు తెలుసు. ఆగండి.

వాళ్ళే 2021లో అనువాద ఫెలోషిప్ కూడా పెట్టారు. భారతీయ భాషల్లో 1850 తర్వాత వచ్చిన ముఖ్యమైన ఫిక్షనేతర పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తేవడానికి ఆరు నెలలకి 6 లక్షలు. మొదటి విడతలో బెంగాలీ, కన్నడ, మరాఠీ పుస్తకాలకి వచ్చాయి. కన్నడంలో డి.ఆర్. నాగరాజ్ అల్లమప్రభు మీద రాసినది, మరాఠీలో శరద్ పాటిల్ రాసినది. ఇంకో విషయం చూడండి. కమలాదేవి చట్టోపాధ్యాయ పేరు మీద వాళ్ళు 15 లక్షల పుస్తక బహుమతి ఇస్తారు. 2022లో అది శేఖర్ పాఠక్ చిప్కో ఉద్యమం మీద హిందీలో రాసిన పుస్తకం అనువాదానికి వచ్చింది. ఆయన ఇంగ్లీషులో రాయలేదు. దశాబ్దాల పాటు హిమాలయాల్లో కాలినడకన తిరిగి హిందీలో రాశాడు, మనీషా చౌధరి దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. మీకు నేను చూపించే దారి అదే. తెలుగులో మీరు రాయండి, పక్కన ఒక అనువాదకుడిని మొదటి నుంచీ పెట్టుకోండి.

ఇంగ్లీషు అవసరం లేని చోటు ఒకటి చెప్తాను. బెంగళూరులోనే ఉన్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్. 1993లో మొదలైంది, 1995 నుంచి గ్రాంట్లు ఇస్తోంది. అక్కడ ప్రపోజల్ ఏ భారతీయ భాషలోనైనా పంపొచ్చు, తెలుగులో కూడా. అయితే అది కళలకి సంబంధించిన పరిశోధనకి, సాధనకి. వలస కుటుంబాల పాటలు, బెంగళూరు బస్తీల్లో వాళ్ళు ఆడే నాటకాలు, భజన బృందాలు, ఈ కోణం మీ పుస్తకంలో ఉంటే అటు ఆలోచించొచ్చు. లేనిది ఉన్నట్టు ఇరికించకండి, అర్జీ చదివేవాళ్ళకి మూడో పేరాకే తెలిసిపోతుంది.

కథలూ నవలల వైపు అయితే సంగం హౌస్ రెసిడెన్సీ ఉంది, 2008లో మొదలైంది, మొదట పుదుచ్చేరి దగ్గర ఆదిశక్తిలో, తర్వాత బెంగళూరు దగ్గర నృత్యగ్రామ్‌లో నడిపారు. అక్కడ డబ్బు కాదు, కొన్ని వారాలు భోజనం, గది, నిశ్శబ్దం ఇస్తారు. ముగ్గురు పిల్లల ఇంట్లో వంటగది బల్ల మీద రాసేవాళ్ళకి ఆ నిశ్శబ్దం ఎంత విలువైందో నేను చెప్పక్కర్లేదు. 2020లో సోనియా ఫలేరో మొదలుపెట్టిన సౌత్ ఏషియా స్పీక్స్ కూడా చూడండి. ఏడాది పాటు ఒక పేరున్న రచయిత మీ పుస్తకం మీద మీతో కలిసి పనిచేస్తారు, అనువాదకులని కూడా తీసుకుంటారు.

మెక్‌ఆర్థర్, విండం-క్యాంబెల్ లాంటి అమెరికా పురస్కారాల గురించి కూడా అడిగారు. వాటికి ఎవరూ అప్లై చేయలేరు, రహస్యంగా పేర్లు ప్రతిపాదిస్తారు, ఒకరోజు ఫోన్ వస్తుంది. తెలుగుతో ముడిపడ్డ పేరు ఒకటుంది: వెల్చేరు నారాయణరావు గారితో కలిసి మన ప్రాచీన కావ్యాలు ఎన్నో ఇంగ్లీషులోకి తెచ్చిన డేవిడ్ షుల్మన్‌కి 1987లో మెక్‌ఆర్థర్ వచ్చింది. వాళ్ళిద్దరూ అనువదించిన అల్లసాని పెద్దన మనుచరిత్రే 2015లో మన ప్రాచీన గ్రంథాలని ఇంగ్లీషు అనువాదంతో వేసే మూర్తి క్లాసికల్ లైబ్రరీ మొదటి ఐదు పుస్తకాల్లో ఒకటి. ఆ లైబ్రరీకి డబ్బు ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కొడుకు రోహన్ మూర్తి 2010లో హార్వర్డ్‌కి ఇచ్చిన 52 లక్షల డాలర్లు. ఒక కుటుంబం ఇచ్చిన డబ్బు సరైన మనుషుల చేతుల్లో పడితే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ తెలియదు. పేజీకి ఒకవైపు తెలుగు లిపిలో పద్యం, ఎదురుగా ఇంగ్లీషు. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

సరే, ప్రపోజల్ ఎలా రాయాలి. మీ టైమ్ అంతా ఇక్కడ పెట్టాలి.

నా మొదటి ప్రపోజల్ మొదటి వాక్యం నాకు ఇంకా గుర్తుంది: 'ఉత్తరాంధ్ర కార్మిక జీవితాన్ని అక్షరబద్ధం చేయవలసిన చారిత్రక అవసరం ఎంతైనా ఉంది.' ఆరు పేజీలు అదే ధోరణి. అవసరం ఉంది, ఎవరూ చేయలేదు, సమాజానికి మేలు. అందులో ఒక్క మనిషి లేడు, ఒక్క వీధి లేదు. రాలేదు. అప్పుడు కోపం వచ్చింది కానీ, తర్వాత నేనే అర్జీలు చదివినప్పుడు అర్థమైంది. అరవై అర్జీల్లో నలభై అలాగే మొదలవుతాయి. విషయం ముఖ్యమైందని చదివేవాడు ఎలాగూ ఒప్పుకుంటాడు. ఈ మనిషే ఎందుకు రాయగలడు, ఇప్పటికే చేతిలో ఏముంది, ఏడాదిలో అయ్యే పనేనా అన్నదే వాడికి కావాలి.

రెండోసారి ఇలా మొదలుపెట్టాను: మా పెదనాన్న ఇంట్లో గడియారం ఉండేది కాదు, మిల్లు సైరన్‌ని బట్టి పొయ్యి వెలిగించేవాళ్ళు, మిల్లు లాకౌట్ అయిన నెలల్లో ఆ ఇంట్లో ఏ పని ఎప్పుడు చేయాలో ఎవరికీ తెలిసేది కాదు. అక్కడినుంచి అప్పటికే మాట్లాడిన పదకొండు కుటుంబాల వివరం, నా దగ్గర ఉన్న పాత వేతన చీటీలు, యూనియన్ కరపత్రాలు, ఎనిమిది అధ్యాయాల్లో ఒక్కోదాని గురించి ఐదారు వాక్యాలు, ఏ నెలలో ఏం చేస్తాను. మాట్లాడటానికి ఒప్పుకోని వాళ్ళ గురించి కూడా రాశాను. యాజమాన్యం వైపు కాగితాలు నాకు దొరకలేదు, దొరక్కపోతే ఆ అధ్యాయం ఎలా రాస్తానో ఇది అని చెప్పాను. ఇంటర్వ్యూలో వాళ్ళు ఎక్కువసేపు మాట్లాడింది ఆ పేరా గురించే. లేనిదాన్ని దాచనివాడు ఉన్నదాని గురించి కూడా నిజమే చెప్తాడని వాళ్ళకి అనిపించిందట, తర్వాత ఒకావిడ చెప్పారు.

మీ పుస్తకానికి చూస్తే: కళ్యాణదుర్గం నుంచి రాత్రి బస్సు ఎక్కే ఒక కుటుంబంతో మొదలుపెట్టండి. మీ క్లాసులోనే ఉండి ఉంటారు కదా, దసరా సెలవుల తర్వాత తిరిగి రాని పిల్లలు. హాజరు పట్టీలో వాళ్ళ పేరు ఏ నెలలో ఆగిపోయిందో చూసిన మనిషి మీరు. ఢిల్లీలో కూర్చున్న ఏ ప్రొఫెసర్‌కీ అది దొరకదు. వేరుశనగ పోయిన ఏళ్ళకీ, మీ బడిలో పిల్లలు తగ్గిన ఏళ్ళకీ లెక్క కుదురుతుందా? కుదిరితే అది ఒక అధ్యాయం. కుదరకపోతే ఎందుకు కుదరలేదన్నది ఇంకా మంచి అధ్యాయం. ఒక జాగ్రత్త మాత్రం: పిల్లల పేర్లు, బడి రికార్డుల కాగితాలు యథాతథంగా ఎక్కడా పెట్టకండి.

ఇరవై పేజీల అనువాదం. దీనికి డబ్బు ఖర్చవుతుంది, పెట్టండి. అనువాదం మీరే చేయగలిగితే మంచిదే, కానీ ఇంగ్లీషు చక్కగా వచ్చిన బంధువు చేత ఉచితంగా చేయించకండి. సాహిత్యం చదివే మనిషి కావాలి. మీ అత్యుత్తమ కథ కాదు, ఈ పుస్తకానికి దగ్గరగా ఉన్న రచన ఎంచుకోండి. ఫిక్షన్ కాని పుస్తకానికి కథ నమూనాగా పంపితే చాలాచోట్ల పక్కన పెట్టేస్తారు. అనువాదకులతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: ఎంత ఇస్తారు, పేరు ఎక్కడ వేస్తారు, పుస్తకం వస్తే వాటా ఎంత. ఇంటర్నేషనల్ బుకర్ 50,000 పౌండ్లని రచయితకీ అనువాదకులకీ సగం సగం పంచుతుంది. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్, అనువాదకురాలు దీపా భాస్తి అలాగే పంచుకున్నారు. కన్నడ కథల సంపుటికి వచ్చిందది. మీ జిల్లా సరిహద్దు దాటితే వచ్చే రాష్ట్రం.

డబ్బు చేతికొచ్చే తీరు గురించి. నా ఫెలోషిప్ మూడు వాయిదాల్లో ఇస్తామన్నారు. మొదటిది టైమ్‌కి వచ్చింది, రెండోది ఐదు నెలలు ఆలస్యమైంది, కారణం ఎవరూ చెప్పలేదు. ఆ ఐదు నెలలూ ఇంట్లో టెన్షన్. మా ఆవిడ చీటీ ఎత్తి ఇల్లు నడిపింది. కాబట్టి ఒప్పంద పత్రంలో ఇవి చూడండి: వాయిదాలు ఏ తేదీకి, దేని మీద ఆధారపడి ఇస్తారు. పుస్తకం పూర్తికాకపోతే తిరిగి కట్టాలా. కాపీరైట్ ఎవరిది (మీదే అయి ఉండాలి, ఇందులో రాజీ వద్దు). తెలుగు ముద్రణ హక్కు మీకు విడిగా ఉంటుందా. ముందుమాటలో కృతజ్ఞత చెప్పమంటారు, అది న్యాయమే. రాతప్రతిని వాళ్ళు 'ఆమోదించాలి' అనే వాక్యం ఉంటే ఏం ఆమోదించాలో రాయించండి.

పన్ను కూడా పడుతుంది. ప్రభుత్వం ఆమోదించిన పురస్కారాలకే మినహాయింపు, ప్రైవేటు ఫౌండేషన్ ఇచ్చే ప్రతిదానికీ ఉండదు. 18 లక్షలూ చేతికొస్తాయనుకుని లెక్కలేసుకున్నవాళ్ళని నేను చూశాను. ముందే ఒక ఆడిటర్‌ని కలవండి.

ఫౌండేషన్ డబ్బు శాశ్వతం కాదు అన్నది కూడా గుర్తుంచుకోండి. దక్షిణాసియా సాహిత్యానికి డీఎస్‌సీ బహుమతి ఎంత ఘనంగా నడిచింది, 2019 తర్వాత ఇవ్వలేదు. బ్రిటన్‌లో 1971 నుంచి ఉన్న కోస్టా అవార్డులని 2022లో ఆపేశారు. యజమాని మనసు మారితే, లాభాలు తగ్గితే, ఆ ఏడాదితో ఆఖరు. కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకుని రెండేళ్ళు ఎదురుచూడకండి, ఒకే ప్రపోజల్‌ని కొద్దిగా మార్చి రెండు మూడు చోట్ల పంపండి. అలా పంపడం తప్పేమీ కాదు, ఇంకెక్కడ పంపారో అడిగితే చెప్పాలి అంతే.

చివరిగా మీ ఉద్యోగం. రాజీనామా మాత్రం చేయకండి. ఏడాది డబ్బు ఏడాదికే. నేను కాలేజీలో జీతం లేని సెలవు అడిగితే మొదట కుదరదన్నారు, నా క్లాసులు చెప్పడానికి ఒకతన్ని నేనే వెతికి తీసుకెళ్తే ఒప్పుకున్నారు. మీది ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి సెలవుకీ, బయటి సంస్థ నుంచి డబ్బు తీసుకోవడానికీ రాతపూర్వకంగా అనుమతి కావాలి. నోటిమాట చాలదు, హెడ్మాస్టర్ గారు మంచివారైనా సరే, రేపు ఆయన బదిలీ అయిపోతారు. విదేశీ సంస్థ అయితే ఇంకో చిక్కు ఉంది. విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ, ప్రభుత్వోద్యోగులు విదేశీ డబ్బు తీసుకోకూడదంటుంది, పత్రికల్లో కాలమ్ రాసేవాళ్ళకీ అదే నిషేధం. స్కాలర్‌షిప్, స్టైపెండ్ లాంటి చెల్లింపులకి అందులో మినహాయింపు ఉంది. అందుకని వాళ్ళిచ్చే ఉత్తరంలో ఆ డబ్బుని ఏమని పిలిచారో చూసి, తెలిసిన లాయర్‌కి చూపించాకే సంతకం పెట్టండి.

సెలవు దొరకదనుకుంటే రెసిడెన్సీతో మొదలుపెట్టండి. కొన్ని వారాలే కాబట్టి వేసవి సెలవులతో కలిసొచ్చే విడత ఉందేమో చూసుకోవచ్చు. ఈలోగా ఆ హాజరు పట్టీల సంగతి ఒక పది పేజీలు రాసి పెట్టుకోండి. రాశాక ఇక్కడే కింద పెడితే చదివి నాకు తోచింది చెప్తాను, ప్రపోజల్ అయితే సగం రాసినదైనా పర్వాలేదు.